వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులకు స్ప్రెడ్‌షీట్ నైపుణ్యం

వ్యవసాయ ఇంజనీరింగ్ పట్టభద్రుడు బిందు సేద్య రూపకల్పనలోనో, యంత్రాల పరీక్షలోనో ప్రవేశించిన నాటి నుండి స్ప్రెడ్‌షీట్‌తోనే పని. అయినను ఎక్సెల్ వచ్చునని చెప్పుకొనే విద్యార్థులలో పలువురు దానిని గళ్ల కాగితంగానే వాడుతున్నారు.

గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ల పరీక్షలో నాలుగు పాత్రలు ఉంచగా మూడింట 4.1, 3.9, 4.0 లీటర్లు నమోదై, నాల్గవది ఒలికిపోయినదనుకుందాం. ఆ గడిని ఖాళీగా విడిచిపెడితే ఆవరేజ్ సూత్రం దానిని లెక్కలోకి తీసుకోదు, సగటు 4.0 వస్తుంది. అక్కడ సున్న వేస్తే సగటు 3.0. స్ప్రెడ్‌షీట్ ఎట్టి హెచ్చరికా చేయదు. ఈ 3.0ను నమ్మి మొక్కకు 12 లీటర్ల నీటికి సమయం నిర్ణయిస్తే, మూడు గంటలకు బదులు నాలుగు గంటలు మోటారు నడపమని రైతుకు సిఫారసు చేసినట్లవుతుంది. పొరపాటు గడిలోనిది, నష్టం బావిలోని నీటిది.

పంట గుణకాన్ని సూత్రంలో ఇమడ్చక, వేరొక గడిలో ఉంచి డాలర్ గుర్తుతో స్థిరపరచాలి. రిఫరెన్స్ బాష్పోత్సేకం రోజుకు 5 మి.మీ. ఉన్నపుడు గుణకం 1.15 అయితే హెక్టారుకు 57,500 లీటర్లు, 0.8 అయితే 40,000 లీటర్లు అవసరం. ఒక్క గడిని దిద్దితే పట్టిక యావత్తూ మారుతుంది.

కొన్ని మానవ జన్యువుల సంక్షిప్త నామాలను ఎక్సెల్ తేదీలుగా మార్చివేయుచున్నందున 2020 నాటికి ఆ పేర్లనే సవరించవలసి వచ్చింది. వరుస, ప్లాటు సంఖ్యలను 3-4 అని నమోదు చేసినా ఇదే జరుగుతుంది. అంకెలు నింపక ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్ రూపానికి మార్చుకోవాలి.