పల్నాడులో పెంపుడు కుక్కల ఆరోగ్య సంరక్షణ: నేటి ధోరణులు – స్థానిక పరిస్థితులు

వ్యాససంగ్రహం

కాపలా జంతువుగా ఉన్న కుక్క క్రమంగా కుటుంబ సభ్యుని స్థానాన్ని పొందుతున్నది. దాని ఆహారం, టీకాలు, పరాన్నజీవుల నివారణ, మానసిక స్వస్థతల విషయంలో వచ్చిన కొత్త ధోరణులు ప్రధానంగా నగర జీవనాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల ఎండకు, వ్యవసాయానికి, పల్లె అలవాట్లకు వాటిని అన్వయించినప్పుడు ఏవి యథాతథంగా నిలుస్తాయి, ఏవి మార్చుకోవలసి ఉంటుంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

కీలక పదాలు: పల్నాడు, పెంపుడు కుక్క, వడదెబ్బ, గోమార్లు, రేబిస్, జంతు సంక్షేమం.

1. ప్రవేశిక

తెలుగులో ఆదికావ్యంగా ఎన్నదగిన నన్నయ భారతంలో తొలి కథల్లో ఒకటి కుక్కకు జరిగిన అన్యాయాన్ని గురించినది. జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన సారమేయుణ్ణి అతని తమ్ములు నిష్కారణంగా కొట్టడం, తల్లి సరమ రాజసభకు వచ్చి నిలదీయడం ఆదిపర్వ పాఠకులకు సుపరిచితం. జంతువును హింసించడం ధర్మవిచారణకు యోగ్యమైన విషయమే అన్న స్పృహ మన సాహిత్యానికి కొత్త కాదు. కొత్తది మరొకటి. కొట్టకపోవడంతో బాధ్యత తీరదని, జంతువు ఆరోగ్యంగా, భయం లేకుండా, తన సహజ ప్రవర్తనకు వీలున్న విధంగా జీవించాలని నేటి సంక్షేమశాస్త్రం అంటున్నది. బ్రిటన్‌లో 1965లో వెలువడిన బ్రాంబెల్ నివేదిక పాడి పశువులు, మాంసం కోసం పెంచే జంతువుల విషయంలో ఈ ఆలోచనకు బీజం వేసింది. దాని నుండి రూపొందిన ‘ఐదు స్వేచ్ఛలు’ అనే సూత్రాన్ని తరువాతి కాలంలో పెంపుడు జంతువులకూ వర్తింపజేశారు.

పల్నాటి విషయంలో ఈ సూత్రాన్ని చదివేటప్పుడు గుర్తుకు రావలసిన మరొక సాహిత్యాధారం శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు. పల్నాటి పల్లెలను ఆక్షేపిస్తూ ఆ కవి ఏకరువు పెట్టిన వాటిలో నాపరాళ్లు, జొన్న సజ్జల తిండి, పాములు, తేళ్లు ఉన్నాయి. చమత్కారం కోసం చెప్పినదే అయినా, పశువైద్య దృష్టితో చూస్తే అది ఈ ప్రాంతపు కుక్క ఎదుర్కొనే పరిస్థితుల పట్టికలా కనిపిస్తుంది. సాగర్ కుడికాలువ వచ్చి పంటలు మారాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు ప్రత్యేక జిల్లా అయింది. రాయి, ఎండ, పాము మాత్రం అలాగే ఉన్నాయి.

2. ఎండ, నాపరాయి

వేసవిలో రాష్ట్రంలోని అత్యధిక ఉష్ణోగ్రతల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెంటచింతల పేరు వినిపిస్తుంది. ఈ ఒక్క విషయమే పల్నాడులో కుక్కను పెంచదలచినవారి మొదటి నిర్ణయాన్ని శాసించాలి.

కుక్కకు మనిషి వలె ఒళ్లంతా చెమట పట్టదు. చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల మెత్తల్లో ఉంటాయి గాని, శరీరాన్ని చల్లబరచడంలో వాటి పాత్ర స్వల్పం. నోరు తెరిచి, నాలుక చాపి, వేగంగా రొప్పడమే దాని ముఖ్య సాధనం. నోటిలోని, శ్వాసమార్గంలోని తేమ ఆవిరవుతూ శరీరంలోని వేడిని తీసుకుపోతుంది. కుక్క సాధారణ ఉష్ణోగ్రత సుమారు 38 నుండి 39.2 డిగ్రీల సెల్సియస్. అది 41 డిగ్రీలు దాటితే మెదడు, మూత్రపిండాలు, పేగులు దెబ్బతినే ప్రమాదం ఏర్పడుతుంది. ముక్కు నొక్కుకుపోయిన పగ్ వంటి జాతుల్లో శ్వాసమార్గమే ఇరుకు కాబట్టి రొప్పడం వల్ల కలగవలసిన మేలు పూర్తిగా కలగదు. టెలిఫోన్ కంపెనీ ప్రకటన పుణ్యమా అని దేశమంతటా ప్రియమైన ఆ జాతి, నిజానికి రెంటచింతల వేసవికి అన్నింటికంటే తక్కువ తగినది. మంచు ప్రాంతాల హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటి జాతులను ఇక్కడికి తెచ్చి, రాత్రింబవళ్లు ఏసీ గదిలో ఉంచడం సంరక్షణ అనిపించుకోదు. కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ కుక్క పరిస్థితి ఏమిటన్న ప్రశ్నకు ముందే సమాధానం ఉండాలి.

నాపరాయి సంగతి ప్రత్యేకించి చెప్పుకోవాలి. పల్నాటి ఇళ్ల అరుగులకు, వసారాలకు, ప్రహరీలకు ఈ రాయి విరివిగా వాడుతారు. పగలంతా వేడెక్కిన బండ సూర్యాస్తమయం తరువాత కూడా చాలాసేపు వేడిని వదులుతూనే ఉంటుంది. అందువల్ల పొద్దుగుంకగానే కుక్కను నడిపించడం కంటే తెల్లవారుజామున తీసుకువెళ్లడం మేలు. అరచేతి వెనుక భాగాన్ని నేలపై ఐదారు సెకన్లు ఆనించి చూడటం సులభమైన పరీక్ష. చేయి ఓర్వలేని నేలను పాదం కూడా ఓర్వలేదు.

వడదెబ్బ చికిత్సలో ఇటీవల ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. చన్నీళ్లు పోస్తే రక్తనాళాలు కుంచించుకుపోయి హాని జరుగుతుందని, తడిగుడ్డ కప్పి ఆస్పత్రికి పరుగెత్తాలని గతంలో చెప్పేవారు. ముందు చల్లబరచడం, ఆపై తరలించడం అన్నది నేటి సూచన. నీడకు చేర్చి, ఒళ్లంతా నీటితో తడిపి, ఫ్యాను గాలి తగిలేలా చేయాలి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే ఆవిరి బయటకు పోక వేడి లోపలే నిలుస్తుంది. మండల కేంద్రం నుండి వైద్యుని చేరడానికి గంట పట్టే పల్లెల్లో ఈ మార్పు తెలిసి ఉండటం ప్రాణాధారం. స్పృహ తప్పిన కుక్క నోట్లో నీళ్లు పోయరాదు.

3. గోమార్లు, పాములు, చేలో చల్లే మందు

గోమారిని కొన్నిచోట్ల పిడుదు అంటారు. మన ఇళ్ల కుక్కలను పట్టేది ఎక్కువగా గోధుమరంగు కుక్క గోమారి. ఇది కుక్క మీద కంటే పరిసరాల్లోనే ఎక్కువ కాలం గడుపుతుంది. రక్తం తాగిన ఆడ గోమారి జారిపడి, గోడ పగుళ్లలో, రాళ్ల సందుల్లో వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతి ప్రహరీ దానికి అనువైన నివాసం. ఒంటి మీద కనిపించిన వాటిని ఏరి పారేసినంత మాత్రాన బెడద తీరకపోవడానికి కారణం ఇదే.

గోమారి ద్వారా సంక్రమించే ఎర్లీకియోసిస్, బెబీసియోసిస్ వ్యాధులు ప్రమాదకరమైనవి. జ్వరం, మేత మానడం, చిగుళ్లు పాలిపోవడం, ఒక్కోసారి ముక్కు నుండి రక్తం కారడం వాటి లక్షణాలు. రెండింటికీ మందులు వేరు కనుక రక్తపరీక్ష అవసరం. ఎర్లీకియోసిస్‌కు సాధారణంగా వాడే డాక్సీసైక్లిన్‌ను దాదాపు నాలుగు వారాలు ఇవ్వాలి. మూడు రోజులకు కుక్క లేచి తిరుగుతున్నదని మందు ఆపివేస్తే వ్యాధి లోలోపల దీర్ఘకాలికంగా మారవచ్చు.

నివారణలో వచ్చిన పెద్ద మార్పు ఐసాక్సజోలిన్ తరగతికి చెందిన నమిలే మాత్రలు. రకాన్ని బట్టి ఒక మాత్ర నెల నుండి పన్నెండు వారాల వరకు పనిచేస్తుంది. మూర్ఛ వచ్చే కుక్కలకు వీటిని వైద్యుని సలహా లేకుండా వాడరాదు. ధర మాత్రం సామాన్య రైతు కుటుంబానికి భారమే. మిరప, పత్తి పండే జిల్లాలో చౌకగా చేతికందేది పురుగుమందు. చేలకు చల్లే మందును నీటిలో కలిపి కుక్క ఒంటికి పూయడం అత్యంత ప్రమాదకరం. ఆర్గానోఫాస్ఫేట్ తరగతి మందులు చర్మం ద్వారా, నాకినప్పుడు నోటి ద్వారా లోనికి చేరి నాడీవ్యవస్థను దెబ్బతీస్తాయి. చొంగ కారడం, కంటిపాప చిన్నబోవడం, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం ఆ విషం గుర్తులు. పొలంలో మందు కలిపిన బకెట్టులోని నీరు తాగినా ఇదే జరుగుతుంది. ఏ మందు తగిలిందో తెలిపే డబ్బాను వెంట తీసుకువెళ్తే వైద్యునికి సగం పని తీరినట్లే.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషానికి మన దేశంలో తయారయ్యే పాలీవేలెంట్ విరుగుడునే కుక్కలకూ వాడుతారు. కాటు పడిన చోట కట్టు బిగించడం, కోయడం వల్ల మేలు లేదు. కుక్కను కదలనీయకుండా మోసుకువెళ్లాలి.

4. జొన్న కూడు, పొట్లం ఆహారం

తోడేలుతో పోలిస్తే కుక్కలో పిండిపదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నాయని 2013లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. మనిషి వ్యవసాయంతో పాటు కుక్క కడుపు కూడా మారిందన్న మాట. కాబట్టి బాగా ఉడికిన జొన్న సంకటి గాని, అన్నం గాని కుక్కకు విరుద్ధాహారం కాదు. ‘ధాన్యరహితం’ అన్న ముద్రతో అమ్ముడయ్యే ఖరీదైన పొట్లాలే మేలన్న భావన ప్రచారం వల్ల కలిగినది. పైగా అటువంటి కొన్ని ఆహారాలకు, గుండె కండరం బలహీనపడే వ్యాధికి సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో విచారణ చేపట్టింది. కార్యకారణ సంబంధం నిర్ధారణ కాలేదు. అయినా జొన్న పండే సీమలో జొన్నను వెలివేయవలసిన అవసరమేమీ కనిపించదు.

లోపం జొన్నలో కాక, జొన్న ఒక్కటే పెట్టడంలో ఉంది. మాంసకృత్తులు, కాల్షియం చాలక పెరిగే వయసు పిల్లల కాళ్లు వంకర్లు పోతాయి. ఉడికించిన గుడ్డు, కోడిమాంసం, చేప, పెరుగు చేర్చాలి. ఇంటి వంటనే పెట్టేవారు ఖనిజ లవణాల మోతాదును వైద్యునితో నిర్ణయింపజేసుకోవాలి. మిగిలిన కూర కలిపిన అన్నం విషయంలోనే అసలు జాగ్రత్త. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను ధ్వంసం చేస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ కలిసిన తీపి పదార్థాలు విషతుల్యం. ఉడికిన ఎముక పెళుసై గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. నొప్పికి మనుషులు వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్క కడుపులో పుండ్లకు, మూత్రపిండాల వైఫల్యానికి దారితీస్తాయి.

5. గొలుసు

మానసిక స్వస్థత అనగానే ఆటబొమ్మలు, పుట్టినరోజు వేడుకలు గుర్తుకు రావడం ఇటీవలి మోజు. చట్టం అంతకంటే నిరాడంబరమైన చోట మొదలుపెట్టింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, జంతువును మరీ పొట్టి లేదా మరీ బరువైన గొలుసుతో అనుచితమైన కాలం కట్టివేయడం నేరం. నిత్యం కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడాన్ని అదే సెక్షన్ ప్రత్యేకంగా పేర్కొన్నది. తొలిసారి నేరానికి ఆ చట్టం విధించిన జరిమానా పది నుండి యాభై రూపాయలు. ఈ మొత్తం నేడు ఎవరినీ భయపెట్టదు గాని, అరవై ఏళ్ల నాటి శాసనకర్తలకు కుక్క నడక కూడా చట్టం పట్టించుకోవలసిన విషయంగా తోచిందన్నది గమనార్హం.

పగలంతా కట్టి, రాత్రి వదిలే పద్ధతి కాపలాకు మంచిదన్న నమ్మకం బలంగా ఉంది. మూడు నెలల లోపు వయసులో మనుషులను, పిల్లలను, వాహనాలను భయం లేకుండా చూడని కుక్క పెద్దయ్యాక భయంతోనే కరుస్తుంది. కట్టివేత ఆ భయాన్ని పెంచుతుంది. ఎవరినైనా కరిచే కుక్కకూ, దొంగను గుర్తించే కుక్కకూ తేడా ఉంది. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాలు చెప్పడానికి ఒక కారణం, తల్లి దగ్గర నేర్చుకోవలసిన మెలకువలు ఆ వయసులోనే అబ్బడం.

6. రేబిస్, సగం పెంపుడు కుక్కలు

కుక్కపిల్లకు ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ తదితర వ్యాధుల టీకాలు మొదలవుతాయి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆపై ఏటా మళ్లీ వేయించడం మన ప్రాంతంలో అనుసరించే పద్ధతి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలునికి రేబిస్ టీకా వేసిన సందర్భాన్ని పురస్కరించుకొని ఏటా ఆ రోజును జూనోసిస్ దినంగా జరుపుతారు. ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆ రోజు ఉచితంగా టీకాలు వేస్తారు. 2022 మే నెలలో 175 వాహనాలతో రాష్ట్రంలో మొదలైన సంచార పశు ఆరోగ్య సేవకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. క్లిష్టమైన శస్త్రచికిత్సలకు గన్నవరం పశువైద్య కళాశాల వంటి బోధనాసుపత్రులు ఆధారం.

కుక్క కరిచినప్పుడు గాయానికి కారం, సున్నం, పసరు పెట్టడం ఇంకా పూర్తిగా పోలేదు. వైరస్‌ను తగ్గించేది సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడగడం. కరిచింది టీకా వేయించిన సొంత కుక్కే అయినా వైద్యుని సంప్రదించాలి. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్‌కు చికిత్స దాదాపు లేదు. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్ మరణాలను నిర్మూలించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2021లో వెలువడింది. ఒక ప్రాంతంలోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా అందితే వ్యాధి గొలుసు తెగుతుందని దాని లెక్క.

ఈ లెక్క పల్నాటి పల్లెల్లో ఎక్కడ తప్పుతుందో చెప్పడం కష్టం కాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు కుక్కలని, వీధి కుక్కలని రెండు తరగతులు చేశాయి. మొదటి వాటి టీకా, సంతాన నియంత్రణ యజమాని బాధ్యత, రెండవ వాటివి స్థానిక సంస్థల బాధ్యత. పల్లెలోని కుక్కల్లో చాలావరకు ఈ రెంటికీ చెందవు. దానికొక పేరు ఉంటుంది, ఒక వసారా ఉంటుంది, మూడిళ్ల వాళ్లు అన్నం పెడతారు. పిల్లలు దాని మెడ పట్టుకొని ఆడుకుంటారు. ఎవరిదని అడిగితే మాత్రం అందరూ పక్కింటి వైపు చూపుతారు. జూలై 6న గొలుసు ఉన్న లాబ్రడార్ పశువైద్యశాలకు వస్తుంది. ఆ వసారా కుక్కకు గొలుసూ లేదు, పట్టుకొచ్చే మనిషీ లేడు. గొర్రెల మంద వెంట పోయే కుక్క ఆనాటికి ఏ మేతబీడులో ఉంటుందో తెలియదు. వీటిని వలతోనో, పిలిచి అన్నం పెట్టేవారి సాయంతోనో పట్టి, ఉన్నచోటనే టీకా వేసే బృందం గ్రామ స్థాయిలో ఉండాలి. ఏ ఇంటి అన్నం తిన్నదో ఆ ఇంటి పేరనే టీకా పుస్తకంలో నమోదు చేయడం పంచాయతీ చేయగల పని. అందుకు కొత్త చట్టం అక్కరలేదు, ఒక రిజిస్టరు చాలు.