తడిసిన ఫోనుకు తొలి చికిత్స

గత వర్షాకాలంలో తొట్టిలో చెంబు ముంచుతుండగా నా చొక్కా జేబులోని సెల్‌ఫోను జారి నీళ్లలో పడింది. గతించిన మా అన్నగారి గొంతు దానిలో మాత్రమే ఉంది. కంగారులో, ఇంట్లో అందరూ చెప్పినట్లే, బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాను. మరునాడు మరమ్మతు చేసే అబ్బాయి ఛార్జింగు రంధ్రంలోని బియ్యపు పొడిని చూపించి, "డాక్టరుగారూ, ఇందులో పెట్టమని ఎవరు చెప్పారండీ?" అన్నాడు. నలభై ఏళ్లుగా గృహవైద్యం చెబుతున్న నేను తలవంచుకున్నాను.

గురుకులంలో మేము తొలుత నేర్చిన సూత్రం నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని తొలగించడం. ఫోనుకు తడి ఒక్కటే దోషం కాదు. లవణాలు కలిసిన నీటిలో విద్యుత్తు ప్రవహిస్తే లోపలి లోహభాగాలు త్వరగా తుప్పుపడతాయి. కనుక:

1. వెంటనే ఫోను ఆపివేయాలి. ఛార్జింగు పెట్టరాదు.
2. పైతొడుగు, సిమ్ అర తీసి, మెత్తని పొడిగుడ్డతో అద్దాలి.
3. ఛార్జింగు రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతిపై మెల్లగా తట్టాలి.
4. మూలికలను ఆరబెట్టినట్లే నీడలో, గాలి ఆడేచోట ఒక పూర్తి రోజు ఉంచాలి.

ఎండ, పొయ్యి సెగ పనికిరావు. రంధ్రంలో పుల్ల, దూది దూర్చరాదు. బియ్యపు రేణువులు ఫోనును పాడుచేయవచ్చని ఆపిల్ సంస్థ కూడా 2024లో హెచ్చరించింది. ఉప్పునీటిలో పడినా, వెనుకభాగం ఉబ్బినా ఇంటి చికిత్స మాని నిపుణునికి చూపించాలి.

నా ఫోను బతికింది. అన్నగారి గొంతును ఆనాడే మా అబ్బాయి చేత కంప్యూటరులోనూ భద్రపరిపించాను. రోగం రాకముందే జాగ్రత్తపడడం ఫోనుకూ వర్తిస్తుంది.