సమతాస్థితి గణనలో అదృశ్యమైన అమ్మోనియం

ముంపు వరి నేలలోని నీటి రసాయన మార్పులను ఫ్రీక్ సాఫ్ట్‌వేర్‌తో గణించిన ఒక పరిశోధక విద్యార్థి ఫలితాలతో నా వద్దకు వచ్చాడు. యూరియా నుండి ఏర్పడిన అమ్మోనియం దాదాపు శూన్యం. ఫెర్రస్ ఇనుము మాత్రం విపరీతంగా పెరిగింది. “మాగాణిలో యూరియా నిలవదని రాయవచ్చా సార్?” అని అడిగాడు. రాసి ఉంటే అది ఏదో ఒకనాడు రైతుకు సలహాగా చేరి ఉండేది.

నీరు నిలిచిన నేలలో ఆక్సిజన్ తరిగిపోగానే సూక్ష్మజీవులు నైట్రేట్‌ను, అటుపిమ్మట మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లను, సల్ఫేటును ఎలక్ట్రాన్ గ్రాహకాలుగా వినియోగించుకుంటాయి. చివరిదశలో మీథేన్ వెలువడుతుంది. ఇంతవరకు మనకు తెలిసినదే. అయితే అమెరికా భూవిజ్ఞాన సర్వే రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్, మనం వేరుగా చెప్పనంతవరకు, ప్రతి చర్యాదశలోను ఆక్సీకరణ-క్షయకరణ జంటలన్నీ పరస్పరం సమతాస్థితికి చేరినట్లే లెక్కిస్తుంది. ఆ లెక్కలో నత్రజనికి స్థిరమైన రూపం నత్రజని వాయువే. కనుక ఒక్కొక్క అమ్మోనియం అయాను మూడు ఫెర్రిక్ ఇనుము అయాన్లకు ఎలక్ట్రాన్లను ఇచ్చి వాయువుగా మారిపోతుంది. ఉష్ణగతికశాస్త్ర రీత్యా ఇందులో దోషం లేదు. పొలంలో మాత్రం ఆ చర్య అతి మందకొడి. క్షయకరణ పొరలో అమ్మోనియం బంకమట్టి రేణువులను అంటిపెట్టుకొని నిలుస్తుంది. యూరియాను బురద పదునులో వేయమని మనం చెప్పేది అందుకే.

పరిష్కారం సులభమే. ఈ సాఫ్ట్‌వేర్‌తో లభించే ‘ఏఎంఎం’ దత్తాంశ ఫైలులో అమ్మోనియం, నత్రజని జంటలతో సంబంధం లేని వేరొక మూలకంగా నమోదై ఉంటుంది. రసాయనశాస్త్రజ్ఞులకు ఇది వింతగా తోచవచ్చు గాని, పొలానికి దగ్గరగా ఉండేది ఇదే. ఇనుము క్షయకరణాన్ని కూడ సమతాస్థితికి వదలక, సేంద్రియ పదార్థం కుళ్ళే వేగాన్ని రేటు సమీకరణంగా ఇచ్చి నడిపించాలి.

మరొక జాగ్రత్త. ఎలక్ట్రాన్ క్రియాశీలత సూచిక, అనగా పీఈ, ఇవ్వకపోతే సాఫ్ట్‌వేర్ తనంతట తానే 4 అని తీసుకుంటుంది, హెచ్చరించదు. ప్లాటినం ఎలక్ట్రోడు చూపిన మిల్లీవోల్టులను 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడు స్కేలుకు సరిదిద్ది, 59తో భాగిస్తే ఆ విలువ వస్తుంది. కాని ఆ రీడింగు పలు జంటల మిశ్రమ విభవం. దానికన్న నేల ద్రావణంలో ఫెర్రస్ ఇనుమును, నైట్రేట్‌ను విడివిడిగా కొలిచి ఇవ్వడమే నాకు నమ్మదగినదిగా తోస్తుంది.

విద్యార్థి లెక్కను మళ్ళీ చేశాడు. అమ్మోనియం నిలిచింది, ఫెర్రస్ ఇనుము తగ్గింది. అయినా నమూనాలలో కొలిచిన విలువతో ఇంకా కలియలేదు. ఇప్పుడు సేంద్రియ పదార్థపు రేటును సరిచూస్తున్నాడు.