ఒకే గూటిలో రెండు మందులు

మా ఊరు మెదక్ జిల్లాలోని ఎల్దుర్తి. మా ఇంట్లో దీపం పెట్టే గూటిలో రెండు మందుల డబ్బాలుండేవి. ఒకటి చిన్నాయనది, రెండోది నాయనమ్మది. ఒకరి మాత్ర ఇంకొకరికి పడితే ఏమవుతుందో తెలియక ఆ రెంటినీ పక్కపక్కనే పెట్టుకున్నాము.

చిన్నాయనకు ఇరవై రెండో యేట మనసు చెదిరింది. ఎవరో తిడుతున్నట్టు చెవుల్లో మాటలు వినబడేవి. పట్నంలో ఒక డాక్టరు హాలోపెరిడాల్ మాత్రలు రాసిచ్చాడు. మూడోనాటి సాయంత్రం ఆయన మెడ ఒక పక్కకు మెలితిరిగి, కనుగుడ్లు పైకి పోయి, మాట ముద్దముద్దగా వచ్చింది. వాడకట్టంతా గుమిగూడింది. "గాలి సోకింది, మందులతోని పోయేది కాదు" అన్నారు. వేపమండలు తెచ్చారు. మాత్రలిచ్చేటప్పుడు ఇలా కావచ్చునని మాకెవరూ చెప్పలేదు. రాత్రికి మెదక్ తీసుకుపోతే అక్కడి డాక్టరు ఫెనెర్గాన్ సూది వేశాడు. అరగంటలో మెడ సర్దుకుంది!

దీని మర్మం డోపమిన్ అనే రసాయనంలో ఉన్నది. మెదడులోని నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే రసాయనాలలో ఇదొకటి. ఒకచోట ఇది కాలుసేతుల కదలికను సాఫీగా నడిపిస్తుంది. మరోచోట మనం దేన్ని పట్టించుకోవాలి, దేన్ని వదిలెయ్యాలి అన్న ఎరుకకు తోడ్పడుతుంది. ఆ రెండోచోట దాని జోరు హెచ్చితే లేని మాటలు వినబడతాయి, లేని శత్రువులు పుడతారు. హాలోపెరిడాల్ డోపమిన్ వచ్చి వాలే గడపలను మూస్తుంది. కాని కదలికల దగ్గరి గడపలను కూడా మూసేస్తుంది కదా! అప్పుడు మెడ తిరగడం, చేతులు వణకడం, ముఖం బిగుసుకోవడం. కొందరు ఒకచోట కూర్చోలేక తిరుగుతూనే ఉంటారు. అది చూసి జబ్బు ముదిరిందనుకొని మోతాదు పెంచితే బాధ ఇంకా పెరుగుతుంది. ఏండ్ల తరబడి వాడినవారిలో కొందరికి నోరు, నాలుక వాటంతటవే కదులుతుంటాయి. ఇది మందు మానినా ఒక్కోసారి పోదు.

ఈ సంగతి బయటపడడంలో మన సర్పగంధికి కొంత పాత్ర ఉంది. దాని వేరునుండి తీసిన రిసర్పిన్‌ను 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ కుందేళ్లకిస్తే అవి కదలక మెదలక పడిపోయాయి. ఎల్-డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఎల్-డోపాను 1937లోనే దామోదరన్, రామస్వామి అనే మనవాళ్లు దూలగొండి గింజల్లోనుంచి వేరుచేశారు. తాకితే ఒళ్లంతా దురద పుట్టే ఆ దూలగొండే!

నాయనమ్మకు వచ్చింది కంపవాతం, అంటే పార్కిన్‌సన్ వ్యాధి. ఇందులో డోపమిన్ తయారుచేసే కణాలు నశిస్తాయి. లెవోడోపా మాత్ర ఆ లోటు తీరుస్తుంది. చెంబు పట్టలేని చెయ్యి మళ్లీ పట్టింది. అయితే లేవగానే కళ్లు తిరిగేవి. మోతాదు పెంచిన కొన్నాళ్లకు సందెవేళ వాకిట్లోకి చూస్తూ "ఆ పొలగాండ్లు ఎవలురా? పొద్దుగూకింది, ఇండ్లకు పొమ్మను" అన్నది. వాకిట్లో ఎవరూ లేరు. వణుకు తగ్గడానికి ఆమెకిచ్చిన పాసిటేన్ కూడా పెద్దవయసు వారిలో మతి తికమక చేస్తుంది. నోరు ఎండగొడుతుంది, మలబద్ధకం తెస్తుంది.

ఇంట్లో వాళ్లు "చిన్నాయన మాత్ర సగం ఇద్దాం, ఆయనకు పోయింది గదా" అన్నారు. అదృష్టవశాత్తూ ఇవ్వలేదు. ఇచ్చివుంటే ఆమె కట్టెలా బిగుసుకుపోయేది. ఇలాంటప్పుడు డాక్టర్లు ముందు ఉన్న మందులను తగ్గిస్తారు. తప్పనిసరైతే క్వెటియాపిన్, క్లోజాపిన్ వైపు చూస్తారు. అవి ఆ గడపలను అంత గట్టిగా మూయవు. క్లోజాపిన్‌తో తెల్ల రక్తకణాలు పడిపోవచ్చు కనుక రక్తపరీక్షలు తప్పవు.

మేము చేసిన తప్పు ఇంకొకటుంది. ఆ రాత్రి తరువాత భయపడి చిన్నాయన మాత్రలు బావిలో పారేశాము. రెండు నెలల్లో మాటలు మళ్లీ మొదలై, ఆయన ఇల్లు విడిచిపోయాడు. పదకొండు రోజులకు దొరికాడు. లెవోడోపాను ఉన్నట్టుండి మానితే ఇంకా ప్రమాదం. ఒళ్లు బిగిసి, తీవ్రజ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు. హాలోపెరిడాల్ వంటివి వాడేవారికి కూడా అరుదుగా అటువంటి జ్వరమే వస్తుంది. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

చిన్నాయనకు మందు మార్చారు, ఇప్పుడు సేద్యం చూసుకుంటున్నాడు. నాయనమ్మకు డాక్టరు మొదట పాసిటేన్ మాన్పించి, తరువాత లెవోడోపా కొంచెం తగ్గించాడు. నెల తిరిగేసరికి వాకిట్లో పిల్లలు కనబడడం మానేశారు. "పాపం, అన్నం తినకుండనే పోయిండ్రు" అని ఆమె చాలా రోజులు బాధపడింది.