మీకు తెలుసా? బుకర్ నవలకు హైదరాబాద్ లొకేషన్
బుకర్ ప్రైజు, ఆస్కార్ రెండూ గెలిచిన ఏకైక రచయిత్రి రూత్ ప్రావర్ ఝాబ్‌వాలా. ఆమె బుకర్ నవల ‘హీట్ అండ్ డస్ట్’ను సినిమాగా తీసింది మన హైదరాబాద్‌లో.

1927లో జర్మనీలోని కొలోన్‌లో యూదు ఇంట పుట్టారామె. నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో ఆ కుటుంబం బ్రిటన్ చేరింది. పార్సీ ఆర్కిటెక్ట్‌ను పెళ్లాడి 1951లో ఢిల్లీకి కాపురానికొచ్చారు.

ఓ సంస్థానం నవాబుకూ, తెల్లదొర భార్యకూ 1923లో నడిచిన ప్రేమే ‘హీట్ అండ్ డస్ట్’ కథ. 1975లో బుకర్ వచ్చింది. 1983 నాటి సినిమాలో నవాబు శశికపూర్, స్క్రీన్‌ప్లే ఆమెదే. రెండు ఆస్కార్లు మాత్రం వేరే సినిమాలకు దక్కాయి. ‘హీట్ అండ్ డస్ట్’ దొరికితే నటులతోపాటు వాళ్ల వెనకున్న నగరాన్నీ చూడండి.