మామిడిపండు – కెరోటిన్ మాత్ర

వేసవి వచ్చినదంటే మా దొర్నిపాడు ప్రాంతపు ఇండ్లలో వరిగడ్డి వాసనతో కలసి మాగుచున్న మామిడి వాసన వచ్చును. బంగినపల్లి మామిడికి పేరునిచ్చిన బనగానపల్లె మాకు దూరపు ఊరు కాదు. కోవెలకుంట్ల దాటి వెళ్ళిన చేరవచ్చును. 2017లో ఈ పండుకు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు, అది తమ ఇంటికే వచ్చినట్లు ఇచ్చటివారు సంతోషించినారు.

కొన్నేండ్ల క్రితం ఇటువంటి వేసవిలోనే విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఒక మందుసీసా తీసుకొని నా వద్దకు వచ్చినారు. విదేశములోనున్న కుమారుడు పంపినాడట. ఆయనకు నలభై ఏండ్లుగా బీడీ అలవాటు.

"స్వామీ, దీంట్లో మామిడిపండు, క్యారట్ సారమంతా ఉందంట. ఫ్రీ రాడికల్స్‌ను చంపుతుందంట. ఇంక బీడీకి భయపడే పని లేదు కదా?" అన్నారు.

సీసాపై బీటా కెరోటిన్ అని ఉన్నది. "బీడీ మానవలసిందే అయ్యవారూ. ఇదంటారా, పండ్లలో ఉండేదే కదా, నష్టమేమున్నది?" అని బదులిచ్చినాను. నేనన్న ఆ రెండవ మాట తప్పు. ఆ తప్పును వివరించుటకే ఈ వ్యాసము.

ముందు పండు సంగతి చూడవలెను. చెట్టు నుండి కోసినంతమాత్రాన మామిడికాయ చనిపోదు. అది ప్రాణవాయువును పీల్చుచు శ్వాసించుచునే ఉండును. మాగు సమయములో ఇథిలీన్ అను వాయువును తానే పుట్టించుకొనును. అప్పుడు దాని శ్వాస ఒక్కసారిగా పెరుగును. పిండిపదార్థము చక్కెరగా మారును, పులుపు తగ్గును, గుజ్జు మెత్తబడును. ఇంత పని జరుగుచోట ప్రాణవాయువు నుండి హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి తీవ్రపదార్థములు కొన్ని పుట్టుట సహజము. పొయ్యి వెలిగించిన ఇంట పొగ రాక మానదు కదా. ఈ తీవ్రపదార్థములు మితిమీరిన కణముల పొరలు చెడి పండు కుళ్ళును. అందుచేత పండు విటమిన్ సి, కెరోటిన్లు, వగరు పదార్థములు, కొన్ని ఎంజైములు సిద్ధముగా ఉంచుకొనును. నేడు మనము యాంటీ ఆక్సిడెంట్లని పిలుచునవి ఇవే. మన కోసము కాదు, తన గుజ్జును, లోపలి విత్తును కాపాడుకొనుటకు పండు వీటిని తయారు చేసుకొనును.

అయితే ఆ తీవ్రపదార్థములన్నియు శత్రువులని భావింపరాదు. మితముగా ఉన్నప్పుడు అవి కణమునుండి కణమునకు వార్త మోయును. పండు మాగుటలో వాటికిని పాత్ర కలదు. మన శరీరములోనూ అంతే. రక్తములోని తెల్లకణములు సూక్ష్మక్రిములను చంపుటకు ఇటువంటి పదార్థములనే ఆయుధముగా వాడును. వాటిని నిశ్శేషముగా తుడిచివేయుట ఆరోగ్యము కాదు.

పండులోని రక్షణ ఎల్లకాలము ఒకే తీరున ఉండదు. మామిడి పచ్చికాయలో విటమిన్ సి ఎక్కువ. మాగినకొలది అది తగ్గును, పసుపువన్నె కెరోటిన్లు పెరుగును. ఒకటి తగ్గుచుండగా మరొకటి పెరుగుట గమనించినారా? ఈ మార్పును వంటింటిలో కూడ కొంత చూడవచ్చును. వంకాయనో, ఆపిల్‌నో కోసి ఉంచిన కొద్దిసేపటికి నల్లబడును. కత్తి కణములను చీల్చుటచే లోపలి ఎంజైము, వగరు పదార్థము, గాలి ఒకచోట కలియును. ఆ కలయికయే నలుపు. నిమ్మరసము పిండిన, అందలి విటమిన్ సి వలనను పులుపు వలనను ఆ మార్పు మందగించును. గృహిణులకు ఇది శాస్త్రము చదువక ముందే తెలిసిన విషయము.

చరకసంహితలో లేత మామిడి, సగము ముదిరినది, పండినది అని గుణములను వేరువేరుగా చెప్పినారు. లేతది రక్తపిత్తకరము, సగము ముదిరినది పిత్తమును పెంచును, పక్వమైనది వాతమును శమింపజేసి బలమునిచ్చును. గురుకులములో మా గురువుగారు పచ్చికాయ ముక్కను, పండుముక్కను ఒకదాని వెంట ఒకటి నాలుకపై పెట్టించి ఈ పాఠము చెప్పినారు. పేరు ఒకటే అయినను అది రెండు ద్రవ్యములని అప్పుడు తెలిసినది. యాంటీ ఆక్సిడెంటు అను మాట చరకునిలో ఉన్నదని మాత్రము నేను చెప్పను. ఈ మధ్య మనవారు కొందరు ప్రతిదానిని అట్లు లాగుచున్నారు, అది నాకు సమ్మతము కాదు.

ఇక మాత్ర సంగతి. ఆధునిక గ్రంథములు చదువు నా శిష్యుడొకడు ఆ సీసా విషయము విని, "గురువుగారూ, ఫిన్లాండు పరిశోధన చూడండి" అన్నాడు. అచ్చట 50 నుండి 69 ఏండ్ల వయసు గల, పొగత్రాగు పురుషులు 29,133 మందిపై పరీక్ష జరిపినారు. కొందరికి దినమునకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చినారు. అది ఊపిరితిత్తుల క్యాన్సరును తగ్గించునని వారి ఆశ. 1994లో ఫలితము వెలువడినది. కెరోటిన్ తీసుకొన్నవారిలో ఆ క్యాన్సరు 18 శాతము ఎక్కువగా కనిపించినది. అమెరికాలో 18,314 మందిపై బీటా కెరోటిన్‌తో విటమిన్ ఎ చేర్చి ఇచ్చిన మరొక పరీక్షలోనూ హాని కనబడినందున, దానిని 1996 జనవరిలో గడువుకు ముందే ఆపివేసినారు.

కారణము? పొగతో నిండిన ఊపిరితిత్తిలో అధికమైన కెరోటిన్ తానే దహింపబడి, తునకలై, హానికరమగునని పరిశోధకుల ఊహ. పండులో అది ఒంటరిగా లేదు. విటమిన్ సి, పీచు, నీరు, ఇంకెన్నో పదార్థములు మితముగా తోడున్నవి. పండ్లు, కూరలు తినువారికి మేలు కలుగుట చూచి, అందుండి ఒక్క పదార్థమును వేరుచేసి ఎక్కువగా ఇచ్చినచో అదే మేలు కలుగునని అనుకొనుట పొరపాటు. పండ్లలో ఉండేదే కదా అన్నప్పుడు నేను చేసినదీ ఆ పొరపాటే.

పండు కూడ పండుగా ఉండవలెను. కాల్షియం కార్బైడుతో మాగబెట్టుట చట్టవిరుద్ధము. అందులో ఆర్సెనిక్, భాస్వరముల మలినములుండవచ్చును. ముదరని కాయకు సయితము పైతోలు పచ్చబడును గాని లోపల తెలుపు, పులుపు మిగులును. ముదిరిన కాయను తొడిమతో కోసి, సొన కారనిచ్చి, వరిగడ్డి పరచిన గంపలో వరుసలుగా పేర్చిన సుమారు వారమునకు మాగును. దినము విడిచి దినమైనను చూచి మచ్చపడిన దానిని తీసివేయవలెను. ఒకటి కుళ్ళిన దాని ఇథిలీన్ తగిలి తక్కినవియు తొందరపడును. తినుటకు ముందు గంటసేపు నీటిలో నానవేయుట మన పెద్దల పద్ధతి. తొడిమ వద్ద అంటిన సొన పోవును. మధుమేహము కలవారు భోజనము పైన పండు తినరాదు. తమ వైద్యుని అడిగి, అన్నము కొంత తగ్గించి, రెండు మూడు ముక్కలతో సరిపుచ్చుకొనవలెను. మామిడికాలము పోయిన జామ, కార్తీకము నుండి ఉసిరి ఉండనే ఉన్నవి.

శిష్యుడు చెప్పిన మరునాడే అయ్యవారి ఇంటికి వెళ్ళి, నా మాట వెనుకకు తీసుకొనుచున్నానని చెప్పినాను. ఆయన కొంతసేపు సీసా వైపు చూచి, "అయితే బీడీకి మందు లేదన్నమాట" అన్నారు. లేదన్నాను. మాత్రలు ఆనాడే ఆగినవి. బీడీ ఆగుటకు మరి ఎనిమిది నెలలు పట్టినది. ఛాతీ వైద్యుని వద్దకు నంద్యాలకు పంపినాను. ఎక్స్‌రేలో భయపడవలసినదేమియు లేదన్నారు గాని, చలికాలములో దగ్గు నేటికిని వచ్చుచునే ఉన్నది. మొన్న గంపెడు పండ్లు పంపినారు, అడుగున గడ్డి కూడ అట్లే ఉన్నది.