వరి కాండము తొలుచు పురుగును గ్రుడ్డులోనే చంపు కందిరీగలు

వరిపైరు పిలకదశలో మొవ్వు చచ్చుటకును, ఈనిన పిమ్మట తెల్లకంకులు వచ్చుటకును ముఖ్యకారణము కాండము తొలుచు పురుగని రైతులెఱుంగుదురు. దీని గ్రుడ్లు గల ఆకులను త్రుంచి కాల్చివేయుట వాడుక. త్రుంచుట మంచిదే, కాని వెంటనే కాల్చినచో పైరునకు మేలుచేయు ప్రాణులును గ్రుడ్లతోపాటు నశించును.

ఈ పురుగుయొక్క తల్లి పసుపువన్నె గల రెక్కలపురుగు. ముందురెక్క యొక్కొక్కదానిపై నొక నల్లచుక్క యుండును. ఇది ఆకు కొనయొద్ద గ్రుడ్లను కుప్పగా పెట్టి లేత గోధుమవన్నె నూగుతో కప్పును. సుమారు వారము దినములలో పిల్లపురుగులు వెలువడి కాండములో దూరును. దూరిన పిమ్మట వానిని పట్టుట కష్టము.

ఈ గ్రుడ్లను ఆశ్రయించి బ్రదుకు కందిరీగలలో ట్రైకోగ్రామా, టెలినోమస్, టెట్రాస్టికస్ అను మూడు తెగలు ముఖ్యమైనవి. ఇవి మనుష్యులను కుట్టవు, పైరును తినవు. ట్రైకోగ్రామా ఆవగింజకంటెను చిన్నది. ఆడ కందిరీగ సూదివంటి అవయవముతో పురుగు గ్రుడ్డును గ్రుచ్చి, అందు తన గ్రుడ్డును పెట్టును. దాని పిల్ల లోపలి సారమును తిని పెరిగి, రెక్కలు వచ్చినపిమ్మట పెంకునకు రంధ్రము చేసికొని వెలువడును. టెట్రాస్టికస్ పిల్ల యొక గ్రుడ్డుతో తనియక ప్రక్క గ్రుడ్లను గూడ తినును. టెలినోమస్ ఆడుది రెక్కలపురుగు తోకయొద్ది నూగును పట్టుకొని దానితోనే పయనించి, అది గ్రుడ్లు పెట్టగనే దిగి తన పని జరుపును.

కందిరీగ పట్టిన గ్రుడ్డు నల్లబడును. పట్టని గ్రుడ్డును పగులుటకు ముందు నల్లబడును. పైగా నూగు కప్పియుండును గనుక కంటితో భేదము తెలిసికొనుట కష్టము. కావున రైతులు ఈ క్రింది పద్ధతి నవలంబింపవలెను.

1. నారుమడిలోను, నాటిన చేలోను మూడు నాలుగు దినముల కొకసారి వెదకి, గ్రుడ్లకుప్పలు గల ఆకుకొనలను త్రుంచవలెను.

2. వెడల్పైన మూకుడులో నీరు పోసి, పైన కొంచెము కిరసనాయిలు వేసి, నడుమ ఇటుకపై మూతలేని కుండను నిలిపి, ఆకులను అందుంచవలెను. ఆకులు వెలుపలికి వ్రేలాడరాదు.

3. దీనిని చేనియొద్దనే ఎండవానలును పెనుగాలియు తగులనిచోట 15 దినము లుంచవలెను. ప్రాకివచ్చు పిల్లపురుగులు నీటఁబడి చచ్చును. కందిరీగలు ఎగిరి చేనికి పోవును.

4. గడువు ముగిసిన పిమ్మట ఆకులను కాల్చవచ్చును.

అవసరము లేక పురుగుమందు చల్లినచో ఈ కందిరీగలును చచ్చును. వీనిని కాపాడిన రైతునకు, తన కంటఁబడని గ్రుడ్లను సయితము వెదకి చంపు సహాయము ఖర్చులేక లభించును.